కథ చెప్పేసిన కంప్యూటర్

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి మాదాపూర్‌లో నేను చేరిన ఆఫీసుకి వారం తిరక్కుండానే తెలిసిపోయింది. కొత్తగా ఎవరొచ్చినా మా మేనేజరుగారు నన్ను చూపించి, "ఈవిడ తెరమీద బటన్లు గీస్తారండీ. బాగోలేదన్నారో, మిమ్మల్నే గీకేస్తారు" అని పరిచయం చేసేవారు. ఆయనది గోదావరి జిల్లా. ఎంత వెటకారమైనా 'అండీ' తగిలించకుండా మాట్లాడరు కాబట్టి తిట్టడానికి వీలుండేది కాదు.

అవి తొంభైల చివరి రోజులు. కంప్యూటర్ కంపెనీల కోసం కట్టిన గుండ్రటి టవరు కొత్తగా తెరిచారు. చుట్టూ ఇంకా బండలే. బస్సు దిగితే షేర్ ఆటో కోసం ఎండలో నిలబడి దుమ్ము తినాలి. "మీ ఆఫీసు టవర్లోనా?" అని హాస్టల్లో ఎవరైనా అడిగితే "టవర్ దగ్గరే" అనేదాన్ని. అబద్ధం కాదు, మా కిటికీలోంచి అది చక్కగా కనిపించేది. మేముండేది మాత్రం ఒక టైర్ల షాపు మీది మేడలో. ఎండాకాలం మధ్యాహ్నాలు రబ్బరు వాసనకి తల తిరిగిపోయేది. అయినా ఆ మేడంటే నాకు ప్రాణం. ఎందుకంటే అక్కడ నాకు ఇచ్చిన పని అలాంటిది: తెలుగు పుస్తకాన్ని కంప్యూటర్ తెరమీద ఎలా చూపించాలో ఆలోచించడం.

ఈ పనేమిటో ఎవరికీ అర్థమయ్యేది కాదు. హాస్టల్ వార్డెన్ ఒకరోజు అన్నం వడ్డిస్తూ అంతా విని, "మరి కరెంటు పోతే పుస్తకం ఏమవుద్దమ్మా?" అంది. నేను ఇంకొంచెం పప్పు వెయ్యమన్నాను.

నేను బెజవాడలో బొమ్మలు నేర్చుకుని, పత్రికల్లో కథలకి బొమ్మలు వేసి, ఆ చేత్తోనే మౌస్ పట్టుకున్నదాన్ని. ప్రోగ్రాము రాయడం నాకు ఒక్క ముక్క రాదు. నేను కాగితం మీద గీసిందాన్ని పక్క సీట్లో కూర్చునే ప్రోగ్రామర్ తెరమీద కదిలేలా చేసేవాడు. అతను ఇక్కడివాడే, లింగంపల్లి దగ్గర పుట్టి పెరిగినవాడు. నేను చిర్రుబుర్రులాడినప్పుడల్లా "ఫికర్ జెయ్యకు మేడం, అయితది" అనేవాడు. ఆ మాటకి నాకు ఇంకా కోపం వచ్చేది. కానీ నిజంగానే అయ్యేది.

మా మేనేజరుగారి ఆలోచన, ఊళ్ళలో రీడింగ్ రూములు, మహిళా మండళ్ళ దగ్గరున్న పాత పుస్తకాలన్నీ స్కాన్ చేసి సీడీల్లో పెట్టి, ఒక్కో కంప్యూటర్‌తో సహా వాళ్ళకే ఇవ్వడం. మొదటి నమూనాకి దొరికింది జీడిమెట్ల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళ కాలనీలోని ఒక మహిళా మండలి. వాళ్ళ దగ్గర ఒక ఇనప బీరువా నిండా బైండు పుస్తకాలున్నాయి. దుకాణంలో కొన్నవి కావవి. వారపత్రికలో సీరియల్ వచ్చినన్ని వారాలూ ఆ పేజీలు చింపి, పరుపు కింద దాచి, నవల పూర్తయ్యాక దారంతో కుట్టించి, అట్ట వేయించుకున్నవి. కాలనీ ఆడవాళ్ళ తల్లులూ అత్తలూ పోగుచేసినవి. అట్టలు ఊడిపోతున్నాయి, కాగితం ముట్టుకుంటే పొడి రాలుతోంది. "ఇవి పోతే మళ్ళ రావు" అని మండలి అధ్యక్షురాలు దిగులుపడుతుండేది. ఆవిడ రిటైరైన తెలుగు టీచరు, సిద్దిపేట వైపు మనిషి. మేమంతా పెద్దమ్మ అని పిలిచేవాళ్ళం.

పెద్దమ్మ ముందు ఒక్క పుస్తకమే ఇచ్చింది. "గిది చేసి చూపియ్యిండ్రి. మావోళ్ళకు నచ్చితే బీరువ మొత్తం ఇస్త. నచ్చకపోతే లేదు" అంది. మంచి షరతే. మాకు మాత్రం అది జీవన్మరణ సమస్య. అప్పుడు ఊళ్ళో ఏ కంప్యూటర్ కంపెనీ చూసినా రెండువేల సంవత్సరం భయమే. ఆ ఏడు రాగానే యంత్రాలన్నీ తారీఖులు మర్చిపోతాయని, వాటిని సరిచేసే పని బోలెడంత వచ్చి పడుతోంది. మండలివాళ్ళు కాదంటే మా జట్టుని అటు మళ్ళించేస్తానని మేనేజరుగారు ముందే చెప్పారు. ప్రోగ్రామర్‌కి అక్కడ పని ఉంటుంది. తారీఖులకి బొమ్మలు వేసేవాళ్ళు ఎవరిక్కావాలి? నేను పెట్టె సర్దుకుని బెజవాడ రైలెక్కడమే.

అందుకే ఒళ్ళు దాచుకోకుండా చేశాం. ఇద్దరు అక్కాచెల్లెళ్ళు, మధ్యలో ఒక డాక్టరుగారు, ఇదీ ఆ సీరియల్ కథ. పేజీలన్నీ స్కాన్ చేసి శుభ్రం చేశాం. సబ్బుల ప్రకటనలు తీసేశాం. ప్రతి వారం మొదట్లో వచ్చే 'జరిగిన కథ' తీసేశాం. చివర వచ్చే 'ఇంకా ఉంది' కూడా చెత్తే అనుకుని చెరిపేశాం. కథంతా గోదారిలా ఒకే ప్రవాహంగా సాగాలని నా కోరిక. పేజీ తిప్పితే ఫరఫరమని చప్పుడు రావాలని ప్రోగ్రామర్ టెలిఫోన్ డైరెక్టరీ తిరగేసి ఆ శబ్దం రికార్డు చేశాడు. నేనేమో మొదటి తెరమీద విషయసూచిక పెట్టాను. ఊరికే కాదు, ప్రతి వారం కథకీ అచ్చైన బొమ్మని చిన్నది చేసి, వరసగా పేర్చి, ఏ బొమ్మ నొక్కితే ఆ వారానికి వెళ్ళేలా. ఎంత ముద్దొచ్చిందో ఆ తెర! మేనేజరుగారు కూడా వంక పెట్టలేకపోయారు.

చూపించే రోజు మండలి హాల్లో చాపలు పరిచారు. పాతికమంది దాకా వచ్చారు. పెద్దమ్మ మౌస్‌ని ఎలకపిల్లని పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకుని నొక్కింది. నా విషయసూచిక తెరుచుకుంది. నేను పొంగిపోతూ అందరి మొహాలూ చూస్తున్నాను. ముందు వరసలో ఒకావిడ కళ్ళజోడు సర్దుకుని, వంగి, చివరి బొమ్మని చూసింది.

"అయ్యో రామా! దండ చెల్లెలి మెళ్ళో పడిందే!"

అంతే. హాలు హాలంతా ఇల్లు పీకి పందిరి వేసింది. పుస్తకం మాకిచ్చేనాటికి వాళ్ళు కథ సగందాకానే విన్నారని మాకేం తెలుసు! "అప్పుడే చెప్పేశారా!" "అక్కనే చేసుకుంటడనుకున్న గదనే!" "ఇంకేం చదువుతాం, లేవండి!" అన్నట్టుగానే సగంమంది లేచి కొంగులు దులుపుకున్నారు. పెద్దమ్మ మౌస్ కింద పెట్టేసి నా వైపు తిరిగింది. తిట్టినా బాగుండేది. జాలిగా, "ఏంది బిడ్డా గిది? మీ కంప్యూటర్ కథ చెప్పేసిందిగా" అంది.

వ్యాన్లో తిరుగుముఖం పట్టాం. బాలానగర్ దాటాక మేనేజరుగారు నెమ్మదిగా, "ఇంకొక్కసారి చూద్దామండీ. అప్పుడూ కాదంటే మూసేద్దాం. ఇతన్ని తారీఖుల పనిలో వేస్తాను. మీకు..." అని ఆగి, కిటికీలోంచి బయటికి చూశారు.

ఆయన చూడనప్పుడు నా నోరు ఊరుకుంటుందా! "అసలు వాళ్ళకి చదవడం వస్తేగా! ఆఖరి పేజీ ముందు చూసేవాళ్ళు లోకంలో లేరా?" అని ప్రోగ్రామర్ మీద విరుచుకుపడ్డాను. అతను తాపీగా, "వాళ్ళెట్ల చదువుతరో నువ్వు చూసినవా?" అన్నాడు. చూడలేదు. కంప్యూటర్ ఎలా వాడతారో చూశానుగానీ పుస్తకం ఎలా చదువుతారో ఒక్కసారి కూడా చూడలేదు. నా నోరు మూయించినవాళ్ళు తక్కువ.

మర్నాడు పెద్దమ్మకి ఫోన్ చేసి వస్తానన్నాను. "గురువారం రా. మేం చదివేది గురువారమే" అంది.

గురువారం వెళ్ళి గోడవార కూర్చున్నాను. చాపల మధ్యలో కుర్చీ. కుర్చీలో ఒక నర్సమ్మగారు. గుంటూరు వైపు నుంచి వచ్చి దవాఖానాలో పనిచేసేది. ప్రతి ఆదివారం చర్చిలో వాక్యం చదివే గొంతు కావడంతో చదివే పని ఆవిడకే అప్పగించారు. మాకిచ్చిన పుస్తకం బదులు వేరే సీరియల్ మొదలుపెట్టారట. చుట్టూ అందరి చేతుల్లోనూ ఏదో ఒక పని. ఒకరు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు, ఒకరు చీరకి ఫాల్ కుడుతున్నారు, ఒకరు మనవరాలి తలకి నూనె పెడుతున్నారు. చదివేది ఒక్కరు, వినేది అందరూ. మరి నేనేం చేశాను? ఒక్క మనిషి, ఒక్క మౌస్, ముక్కు తెరకి ఆనించి చదువుకునే అక్షరాలు!

నర్సమ్మగారు ఏదీ వదలదు. 'జరిగిన కథ' చదివింది, ఎందుకంటే కిందటి వారం రానివాళ్ళుంటారు. మధ్యలో తలనూనె ప్రకటన వస్తే అదీ చదివింది, వార్తలు చదివినంత గంభీరంగా. అందరూ పడీపడీ నవ్వారు. చింపిన పేజీ వెనకవైపు ఎప్పుడూ ఏదో ఒకటి సగం ఉంటుంది కదా, ఆ వారం వంకాయ కూర తయారీ సగం ఉంది. 'వంకాయలు వేగాక' అని అక్కడితో పేజీ అయిపోయింది. వేగాక ఏం వెయ్యాలో కాసేపు పెద్ద గొడవ. నువ్వులపొడి అన్నవాళ్ళు తెలంగాణవాళ్ళు, కొత్తిమీర కారం అన్నవాళ్ళు మావైపువాళ్ళు. నేనూ ఉండబట్టలేక కొత్తిమీర వైపు నుంచి అరిచాను. అప్పుడుగానీ వాళ్ళు నన్ను మనిషిగా లెక్కలోకి తీసుకోలేదు.

అసలు సంగతి చివర్లో ఉంది. "ఇంకా ఉంది" అని నర్సమ్మగారు గొంతు పెంచి చదివి, పుస్తకం టప్పున మూసి, ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ దానిమీద వేసింది. ఇక అది దేవుడు దిగొచ్చినా తెరుచుకోదు. తరవాత ఏమవుతుందో అప్పుడు మొదలైంది. వాదనలు, పందేలు, ఒట్లు! నాకు అర్థమైంది, వాళ్ళు గురువారం వచ్చేది కథ కోసం ఎంతో, కథ ఆగిపోయాక వచ్చే ఈ గోల కోసం అంత. మేము చెత్త అని చెరిపేసింది సరిగ్గా ఆ రెండు మాటలనే.

వంటింట్లోంచి ఒకావిడ చాయ్ పట్టుకొచ్చింది. "పాపం, ఆవిడెందుకు కూర్చోలేదు?" అని అడిగాను. పెద్దమ్మ నవ్వింది. "ఆమె ముందుగాల్నే చదివింది. చదివినోళ్ళు ఈడ కూసుంటె మొకంల కథ కనబడతది. అందుకే వంటింట్ల చాయ్ పెట్టాలె. అది మా కానూన్."

ఆ రోజు తిరిగొస్తుంటే నాకు గాల్లో తేలినట్టుంది. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, వాళ్ళ పుస్తకంలోనే అన్నీ ఉంటే నేను కొత్తవి గీస్తూ కూర్చున్నాను! పెద్దమ్మ ఇంకో పుస్తకం ఇచ్చింది. దూరపు ఊళ్ళకి ట్రంకు కాల్స్ కలిపే ఒక టెలిఫోన్ ఆపరేటర్ అమ్మాయి కథ. "గిది నేను గూడ చదవలే, మాలో ఎవ్వలు చదవలే" అంది.

ఆఫీసులో అన్నీ తిరగరాశాం. ప్రకటనలు వెనక్కి వచ్చాయి, సగం వంటలు వచ్చాయి, 'జరిగిన కథ' వచ్చింది. పత్రిక పేజీలో మూడు నిలువు వరసలుంటాయి కదా, ఒక్కో వరసనే తెరనిండా పెద్దది చేశాం, కుర్చీలో వెనక్కి వాలినా కనిపించేలా. మౌస్ అక్కర్లేదు. అన్నిటికన్నా పొడుగైన మీట, స్పేస్ బార్ ఒక్కటి చాలు. చేతికి చిక్కుడుకాయ జిగురున్నా మోచేత్తో నొక్కొచ్చు. మేం మోచేతులతో నొక్కి నొక్కి పరీక్షిస్తుంటే కింద టైర్ల షాపాయన పైకొచ్చి, ఏదో పూనకమనుకుని చూసి వెళ్ళిపోయాడు.

విషయసూచిక పీకేశాను. ఏడుపొచ్చింది, అయినా పీకేశాను. 'ఇంకా ఉంది' రాగానే పుస్తకం మూసుకుపోవాలన్నాను. మళ్ళీ గురువారం దాకా తరవాతి వారం తెరుచుకోకూడదన్నాను. ప్రోగ్రామర్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "చదవనియ్యకుండ ఆపే సాఫ్ట్‌వేర్ నేనెక్కడ చూడలే మేడం! లోకమంత తారీఖులు సరిజేస్తుంటే మనం తారీఖులు పెట్టుకుంట కూసున్నం" అంటూనే రాసేశాడు. మేనేజరుగారు మాత్రం మొహం ముడుచుకున్నారు. "ఎలక్ట్రానిక్ పుస్తకం గొప్పే ఎక్కడికి కావాలంటే అక్కడికి గెంతడం కదండీ. మీరు కాళ్ళకి తాడేస్తున్నారు" అన్నారు. "ఈసారికి నా మాట వినండి. పోతే నేనేగా పోయేది" అన్నాను. ఆయన "కానివ్వండి" అన్నారు.

రెండో గురువారం మానిటర్‌ని హాస్టల్ దుప్పటిలో చుట్టి తీసుకెళ్ళాం. అంతా అమర్చాక నర్సమ్మగారి పక్కనే చోటు చూసుకుని కూర్చోబోయాను. పెద్దమ్మ నా మొహంలోకి చూసింది.

"నువ్వు కథ మొత్తం చదివినవా?"

"ప్రతి పేజీ నేనే చేశాను కదండీ. చదవకుండా ఎలా ఉంటాను?"

"అయితే వంటింట్లకు పో."

నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తేలేది ఆ హాల్లో, నేనేమో వంటింట్లో అల్లం దంచుతూ! తలుపు దగ్గరగా వేశారు. చెవులు రిక్కించుకుని నిలబడ్డాను. నర్సమ్మగారి గొంతు మొదలైంది. మధ్యమధ్య టక్కుమని స్పేస్ బార్. ఎక్కడా తడబడలేదు. తలనూనె ప్రకటన వచ్చింది, హాలు గొల్లుమంది, నా ప్రాణం కాస్త కుదుటపడింది. కథలో అమ్మాయి టెలిఫోన్ బోర్డు ముందు కూర్చుని ఒక ట్రంకు కాల్ కలుపుతోంది. లైను కలిసిందో లేదో చూద్దామని వింటే, మాట్లాడుతున్నది తను పెళ్ళాడబోయేవాడి గొంతులా ఉంది.

"'ఈ సంగతి ఎవరికీ తెలియకూడదు. ముఖ్యంగా ఆ అమ్మాయికి...'" అని చదివి నర్సమ్మగారు ఆగింది. టక్. "ఇంకా ఉంది."

ఎవరూ కిక్కురుమనలేదు. అయిపోయింది, నచ్చలేదు, రైలెక్కాల్సిందే అనుకున్నాను. వెనక పాలు పొంగి పొయ్యి మీద పడుతున్నా కదల్లేదు. అంతలో హాలు బద్దలైంది. "వాడేనంటారా?" "వాడెందుకైతడు?" "గొంతులా ఉంది అని రాశారు, గొంతే అనలేదు!" "బొమ్మలో వాడి మొహం చూసినప్పుడే అనుకున్నా!" అందరూ ఒకేసారి అరుస్తున్నారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి. మిగిలిన పాలతోనే చాయ్ కలిపి పట్టుకుని బయటికొచ్చాను.

అక్కడ చూద్దును కదా, మా మేనేజరుగారు లేచి కంప్యూటర్ దగ్గర నిలబడి స్పేస్ బార్ టకటకా కొడుతున్నారు. తెరమీద మూసిన అట్ట, కింద 'వచ్చే గురువారం' అన్న అక్షరాలు తప్ప ఇంకేం లేవు. "ఇది తెరుచుకోదేంటండీ?" అని ప్రోగ్రామర్ని కసిరారు. అతను పైకప్పు చూస్తున్నాడు. పెద్దమ్మ ఆయన చేతిమీద చిన్న దెబ్బ వేసింది.

"చెయ్యి తియ్యి నాయనా. అందరికి గురువారమైతె నీకు గూడ గురువారమే. కూసో."

ఆయన చాపమీద కూర్చున్నారు. ఇస్త్రీ మడత నలగని మనిషి, చిక్కుడు ఈనెల మధ్య బాసింపట్టు వేసుకుని, "మాట్లాడింది అతను కాదండీ, వాళ్ళన్నయ్య అయ్యుంటాడు. అన్నదమ్ముల గొంతులు కలుస్తాయి" అని వాదనకి దిగారు. ఆయన్ని ఐదారుగురు ఒక్కసారే చుట్టుముట్టారు. పెద్దమ్మ చాయ్ గ్లాసు అందుకుంటూ నాతో, "పాలు పొంగిచ్చినవ్ లే, వాసనొచ్చింది. బీరువల బుక్కులు ఎన్నడు తీస్కపోతరు? వాన పడకముందే రాండ్రి" అంది. ఆవిడ చెయ్యి పట్టుకుని వదల్లేదు నేను.

అయినా మేనేజరుగారు ఏమంటారో అన్న పీకులాట ఉండనే ఉంది. మర్నాడు పొద్దున్నే తన గదిలోకి రమ్మన్నారు. వెళ్ళగానే తలుపు వేయమన్నారు.

"తారీఖుల పనికి వేరేవాళ్ళని చూసుకోమని చెప్పేశానండీ. మనం ఇదే చేద్దాం. బీరువా అంతా."

కళ్ళనీళ్ళు తిరిగాయి. థాంక్సండీ అనబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపి, కుర్చీ ముందుకి జరుపుకుని, గొంతు తగ్గించారు.

"ఒక చిన్న విషయం. ప్రోగ్రామర్ని అడిగితే మిమ్మల్ని అడగమన్నాడు. ఆ ఫోన్లో మాట్లాడింది అతనేనా?"

"చెప్పనండి."

"నేను మీ మేనేజర్నండీ!"

"అయితే ఏంటండీ? మీకూ గురువారమే."

జీవితంలో మొదటిసారి కోపం లేకుండా పైవాళ్ళకి ఎదురు చెప్పి హాయిగా నవ్వుకుంటూ తలుపు తీశాను. వెనకనుంచి మా మేనేజరుగారు, "ఇవాళ ఇంకా శుక్రవారమేనండీ..." అన్నారు, చిన్నపిల్లాడిలా.